ఛార్జ్ అనే ఇంగ్లీషు మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు, ఎక్కడ ఏ పర్యాయపదం నప్పుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఛార్జ్ అనే మాటకు నిఘంటువులో రుసుము, ఆరోపణ, బాధ్యత, దాడి, విద్యుత్తు నింపడం అంటూ ఒకదానితో ఒకటి పొంతన లేని అర్థాలు కనబడుతున్నాయి, థెసారస్ తెరిస్తే ఫీ, అక్యూజ్, డ్యూటీ, అటాక్ అన్నీ ఒకేచోట పర్యాయపదాలుగా ఉన్నాయి, ఇదంతా ఒకే మాటేనా, వీటిలో ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చునా? చివర ఫోన్ ఛార్జింగ్ గురించీ, ఇన్‌ఛార్జ్ అనే మాట గురించీ విడిగా అడిగారు. చాలాకాలంగా అనువాదాలు చేస్తూ, ఇతరులు చేసినవి దిద్దుతూ ఉన్నవాణ్ణి కనుక, పొరపాట్లు ఎక్కువగా దొర్లే చోట్ల ఎక్కువసేపు ఆగుతాను. మిగిలినవాటిని త్వరగా దాటిపోతాను.

ఒకే మాటే. దాని మూలం లాటిన్‌లోని కారస్, అంటే బండి. రోమన్లు ఆ మాటను గాల్ దేశపు, అంటే నేటి ఫ్రాన్సు ప్రాంతపు, కెల్టిక్ భాష నుంచి తెచ్చుకున్నారు. బండి మీదికి సరుకు ఎక్కించడం అనే పనికి తరువాతి కాలపు లాటిన్‌లో కరికారే అనే క్రియ పుట్టింది. అది పాత ఫ్రెంచి మీదుగా ప్రయాణించి, 13వ శతాబ్ది నాటికి ఇంగ్లీషులో బరువు, బరువు ఎక్కించడం అనే అర్థాలతో స్థిరపడింది. నార్మన్ల ఫ్రెంచిలో మొదటి హల్లు కకారంగానే నిలిచింది కాబట్టి కార్, క్యారీ అనే మాటలు వచ్చాయి. మధ్య ఫ్రాన్సు మాండలికంలో అదే హల్లు చకారమైంది కాబట్టి ఛార్జ్, ఛారియట్ వచ్చాయి. ఓడలో ఎక్కించే సరుకును చెప్పే కార్గో స్పానిష్ దారిన వచ్చిన తోబుట్టువు. ఇటాలియన్ దారిన వచ్చిన కారికేచర్ కూడా ఈ కుటుంబానిదే: ముక్కో గడ్డమో ఏదో ఒక లక్షణం మీద మోయలేనంత బరువు వేసి గీసిన బొమ్మ అది.

బరువు ఎక్కించడం అనే ఈ భావం దగ్గర తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. మనకు మోపడం అనే క్రియ ఉంది. పన్నుల భారం మోపారు అంటాం, నేరం మోపారు అంటాం, బాధ్యత నా మీద మోపారు అంటాం. డబ్బు, అభియోగం, బాధ్యత అనే మూడింటినీ ఒకే క్రియతో చెప్పడం మనకు ఏమాత్రం వింతగా తోచదు. కట్టెల మోపు, గడ్డి మోపు అన్నప్పుడు అదే రూపం తలకెత్తుకునే బరువుకు పేరవుతుంది కూడా. ఇంగ్లీషులో ఛార్జ్ చేసే పని సరిగ్గా ఇదే. డబ్బు చెల్లించవలసిన బరువు, నిందను మోయవలసిన బరువు, పనిని నిర్వహించవలసిన బరువు ఒకరి నెత్తిన పెట్టడం. దాడి, విద్యుత్తు అనే రెండు అర్థాలు మాత్రం మోపడానికి లొంగవు. అవి ఆయుధాల దారిన వచ్చినట్టున్న అర్థాలు, వాటి సంగతి తరువాత చెబుతాను.

థెసారస్ విషయంలో ఒక అపోహ తొలగించుకోవాలి. పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో తన థెసారస్‌ను ప్రచురించినప్పుడు మాటలను అకారాదిగా కాక, భావాలను బట్టి వర్గాలుగా కూర్చాడు. రాసేవాడికి నోటిదాకా వచ్చి అందని మాటను గుర్తుచేయడం ఆ కూర్పు ఉద్దేశం. ఒక వర్గంలోని మాటలన్నీ సమానార్థకాలని దాని భావం కాదు. నేటి ఆన్‌లైన్ థెసారస్‌లు ఒక మాట కింద దాని అర్థాలన్నిటి పర్యాయపదాలను వరుసగా పోస్తాయి కాబట్టి ఫీ, అటాక్ అనే మాటలు పక్కపక్కన కనబడతాయి. అవి రెండూ ఛార్జ్‌కు బంధువులే తప్ప ఒకదానికొకటి ఏమీ కావు. అందువల్ల మొదట వాక్యంలో ఏ అర్థం ఉందో తేల్చుకుని, ఆ తరువాతే పర్యాయపదం వెతకాలి.

ఆ తేల్చుకోవడానికి నమ్మదగిన ఆనవాలు ఛార్జ్ తరువాత వచ్చే ప్రిపొజిషన్. ఫర్ వస్తే డబ్బు సంగతి. ఎట్ వస్తే ఎవరి మీదికో దూసుకెళ్లడం. టు వస్తే చాలావరకు ఒక ఖాతాలో పద్దు రాయడం. విత్ వచ్చినప్పుడే అసలు చిక్కు, ఎందుకంటే అది మూడు పనులు చేస్తుంది. ఛార్జ్‌డ్ విత్ మర్డర్ అంటే హత్యానేరం మోపబడినవాడు. ఛార్జ్‌డ్ విత్ ఇన్వెస్టిగేటింగ్ ద మర్డర్ అంటే ఆ హత్యను దర్యాప్తు చేసే బాధ్యత అప్పగించబడినవాడు. మధ్యలో రెండు మాటలు చేరేసరికి నిందితుడు కాస్తా దర్యాప్తు అధికారి అయిపోయాడు. ఇక కర్త మనిషి కాకుండా గొంతో, వాతావరణమో, కవిత్వమో అయితే, ఛార్జ్‌డ్ విత్ ఎమోషన్ అన్నట్టుగా, అది నిండి ఉండటం. విత్ తరువాత ఉన్నది నేరమా, కర్తవ్యమా, లేక ఒక గుణమా అని చూసుకుంటే ఈ మూడూ విడిపోతాయి.

ఇక డబ్బు అర్థం. ఇక్కడ ఛార్జ్‌కు సరిహద్దులు పంచుకునే మాటలు చాలా ఉన్నాయి, తెలుగులో మనం వాటన్నిటికీ ఛార్జీ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల ఇంగ్లీషు రాసేటప్పుడు ఇబ్బంది పడతాం. ప్రైస్ అనేది వస్తువుకు అమ్మేవాడు చెప్పే వెల. కాస్ట్ అనేది కొనేవాడి వైపు నుంచో, తయారు చేసేవాడి వైపు నుంచో చూసిన ఖర్చు. ఒక వస్తువు తయారీ కాస్ట్ తక్కువగా ఉండి ప్రైస్ ఎక్కువగా ఉండటంలో వైరుధ్యమేమీ లేదు. ఛార్జ్ ప్రధానంగా సేవకు పుచ్చుకునే డబ్బు, ముఖ్యంగా అసలు వెలకు అదనంగా చేరేది: చేరవేతకు, మరమ్మతుకు, ఆలస్యానికి. ఫీ అనేది వైద్యుడు, న్యాయవాది, ఉపాధ్యాయుడు వంటి వృత్తినిపుణులకో, ప్రవేశం, పరీక్ష, సభ్యత్వం వంటివాటికి సంస్థలకో చెల్లించేది. టోల్ దారికీ వంతెనకూ కట్టేది. టారిఫ్ అనేది రేట్ల పట్టిక, లేదా దిగుమతి సుంకం. ప్రయాణానికి చెల్లించేది మాత్రం ఫేర్. మనం బస్సు ఛార్జీలు, రైలు ఛార్జీలు అంటాం; తెలుగులో అది స్థిరపడిన వాడుక, తప్పు పట్టవలసింది లేదు. ఇంగ్లీషులో మాత్రం బస్ ఫేర్ అనాలి. ఫేర్ పాత ఇంగ్లీషులో ప్రయాణించడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. వీడ్కోలు చెప్పే ఫేర్‌వెల్‌లో ఉన్నదీ అదే, క్షేమంగా వెళ్లిరా అని. ఫైన్ వేరే: అది తప్పు చేసినందుకు కట్టే జరిమానా. గడువు దాటినందుకు లేట్ ఛార్జ్, లేట్ ఫీ రెండూ వాడుకలో ఉన్నాయి, కానీ వాటిలో శిక్ష వాసన లేదు.

క్రియగా వాడినప్పుడు ఈ ఛార్జ్ రెండు కర్మలను పట్టుకుంటుంది: ఎవరి దగ్గర, ఎంత. దే ఛార్జ్‌డ్ మీ టూ మచ్ అనడమే సహజం. నా నుంచి వసూలు చేశారు అనే తెలుగు పద్ధతిలో ఫ్రమ్ మీ అని చేర్చడం మన రాతల్లో తరచూ కనబడుతుంది. ఆ ఫ్రమ్ అక్కరలేదు. కలెక్ట్ అనే క్రియకైతే ఫ్రమ్ కావాలి, బహుశా అక్కడి నుంచే ఇక్కడికి పాకి ఉంటుంది. ఫ్రీ ఆఫ్ ఛార్జ్ అంటే ఉచితంగా. ఫ్రీ ఆఫ్ కాస్ట్ అనే మాట మన పక్క ఎక్కువగా వినబడుతుంది కానీ, రాతలో మొదటిదే మేలు.

అభియోగం అనే అర్థం దగ్గర పొరపాటు ఖరీదైనది, ఎందుకంటే ఒక మనిషి పరువు దాని మీద ఆధారపడుతుంది. బ్లేమ్ అనేది ఎవరైనా ఎవరినైనా అనగలిగే నింద. దానికి చట్టంతో పనిలేదు. అలెజ్ అనేది రుజువు ఇంకా లేని విషయాన్ని జరిగిందని చెప్పడం. దాని కర్మ మనిషి కాదు, జరిగిందంటున్న పని. అందుకే ఒకరిని అలెజ్ చేశారు అన్న ధోరణిలో వాక్యం కట్టకూడదు. అక్యూజ్ అనేది మనిషి మీద నేరుగా వేలెత్తి చూపడం. ఇంట్లోనూ జరుగుతుంది, కోర్టులోనూ జరుగుతుంది. ఛార్జ్ వీటన్నిటికంటే లాంఛనమైనది: చట్టపరమైన అధికారమున్నవారు ఫలానా నేరం చేశావని అధికారికంగా నమోదు చేయడం. ప్రిపొజిషన్లు కూడా వేరువేరు: బ్లేమ్‌కు ఫర్, అక్యూజ్‌కు ఆఫ్, ఛార్జ్‌కు విత్. ఇండైట్ అనేది ఛార్జ్‌లోనే మరింత ఇరుకైన రూపం. అమెరికాలో గ్రాండ్ జ్యూరీ నేరాభియోగం జారీ చేసినప్పుడు ఆ మాట వాడతారు.

తెలుగులో ఈ మెట్లకు నింద, ఆరోపణ, అభియోగం అనే మాటలు చక్కగా సరిపోతాయి, వాటిని కలగాపులగం చేయకపోతే చాలు. ఛార్జ్‌డ్ అన్నచోట ఆరోపణలు ఎదుర్కొంటున్నాడు అని రాస్తే అసలు కంటే తక్కువ చెప్పినట్టు. నేరం చేసినట్టు తేలింది అని రాస్తే అసలు లేనిది చెప్పినట్టు. ఈ రెండోది అనువాదకుడు చేయగల పెద్ద తప్పుల్లో ఒకటి, ఎందుకంటే ఛార్జ్ విచారణకు తొలిమెట్టు, కన్విక్ట్ దాని ముగింపు. నిందితుడికీ దోషికీ మధ్య ఉన్న దూరమంతా ఆ రెండు మాటల మధ్య ఉంది.

ఇదే వరుసలో ఇంపీచ్ గురించి కూడా చెప్పాలి. ఇంపీచ్ చేయడమంటే పదవి నుంచి తొలగించడమని చాలామంది అనుకుంటారు. అది ప్రజాపదవిలో ఉన్నవారి మీద అభియోగం మోపడం మాత్రమే. అమెరికా అధ్యక్షుల్లో ఆండ్రూ జాన్సన్‌ను 1868లో, బిల్ క్లింటన్‌ను 1998లో, డొనాల్డ్ ట్రంప్‌ను 2019లోనూ మళ్లీ 2021లోనూ ప్రతినిధుల సభ ఇంపీచ్ చేసింది. నాలుగుసార్లూ సెనేట్‌లో వారు దోషులుగా తేలలేదు. అంటే ఇంపీచ్ అయిన ఏ అమెరికా అధ్యక్షుడూ ఆ విచారణ వల్ల పదవి కోల్పోలేదు. అభిశంసన అనే మన మాట దీనికి సరిగ్గా సరిపోతుంది, తొలగింపు సరిపోదు.

బాధ్యత అనే అర్థంలో ఒక చిన్న ద వల్ల వాక్యం తలకిందులవుతుంది. ఎ నర్స్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద చైల్డ్ అంటే బిడ్డ బాధ్యత నర్సుది. ద చైల్డ్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ఎ నర్స్ అంటే బిడ్డ నర్సు సంరక్షణలో ఉన్నాడు. ద లేకపోతే చూసేవారు, ఉంటే చూడబడేవారు. మరో విశేషం, ఛార్జ్ అనే నామవాచకం సంరక్షణలో ఉన్న మనిషికే పేరవుతుంది: ఆయా తన ఛార్జెస్‌తో ఉద్యానవనానికి వెళ్లింది అని ఒక కథలో ఉంటే, ఆమె డబ్బు పట్టుకుని వెళ్లిందని కాదు, తనకు అప్పగించిన పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లిందని. పాత నవలలు అనువదించేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఈ అర్థంలో పర్యాయపదాలు రెస్పాన్సిబిలిటీ, కేర్, కస్టడీ; వీటిలో కస్టడీకి చట్టపు వాసన ఎక్కువ. దౌత్య పరిభాషలో షార్జే దఫేర్ అనే ఫ్రెంచి పదబంధం ఉంది, వ్యవహారాల భారం అప్పగించబడినవాడని దాని అర్థం. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందం రాయబార కార్యాలయ అధిపతులను మూడు తరగతులుగా విభజించింది. ఈ హోదా మూడో తరగతి. రాయబారి లేనప్పుడు తాత్కాలికంగా అధిపతిగా వ్యవహరించేవారినీ ఆ పేరుతోనే పిలుస్తారు.

దాడి అర్థానికి వద్దాం. అటాక్ దూరం నుంచి చేయవచ్చు, మాటలతో చేయవచ్చు, కంప్యూటర్ మీద చేయవచ్చు. ఛార్జ్‌కు మాత్రం ఒళ్లు కదలాలి. తిన్నగా, వేగంగా, శరీరపు బరువంతా ముందుకు తోసుకుంటూ మీదికి రావాలి. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న బలాక్లావా దగ్గర బ్రిటిష్ తేలికపాటి అశ్వికదళం రష్యన్ ఫిరంగుల మీదికి గుర్రాలు దౌడు తీయించింది. ఛార్జ్ అనగానే ఇంగ్లీషువారికి గుర్తొచ్చేది అదే. ఎద్దు చేసేదీ ఛార్జే, ఖడ్గమృగం చేసేదీ ఛార్జే. తెలుగులో దూసుకొచ్చింది, మీదికి ఉరికింది అంటే సరిపోతుంది. దాడి చేసింది అంటే ఆ పరుగు కనబడదు.

విద్యుత్తు అర్థం కూడా ఆయుధాల పక్కనుంచే వచ్చింది. తుపాకిలో ఒకసారి కూరే మందును ఛార్జ్ అనేవారు; అది కూడా నింపిన బరువే. 1745, 1746 ప్రాంతంలో లైడెన్ జాడీ అనే గాజు పాత్రలో విద్యుత్తును నిలవచేయడం సాధ్యమైంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1747 నుంచి రాసిన లేఖల్లో అలాంటి జాడీని నింపడానికి ఛార్జ్ అనే మాటనే వాడాడు. కొన్నిటిని జతచేసి పెట్టినప్పుడు, వరుసగా నిలబెట్టిన ఫిరంగుల పేరైన బ్యాటరీని దానికి పెట్టాడు. అంటే ఇవాళ మనం బ్యాటరీ ఛార్జ్ అనే రెండు మాటలూ ఫిరంగిశాల నుంచి వచ్చినవే. ఇలాంటి రెండు ఛార్జ్‌ల మధ్య బలం దూరంతో ఎలా మారుతుందో 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ సూత్రీకరించాడు, ఛార్జ్‌ను కొలిచే ప్రమాణానికి ఆయన పేరే నిలిచింది. తెలుగు శాస్త్రగ్రంథాలు దీనికి ఆవేశం అనే మాటను ఎంచుకున్నాయి: ధనావేశం, రుణావేశం, ఆవేశిత కణం. ఇది నాకు చాలా నచ్చిన ఎంపిక. ఛార్జ్‌డ్ అట్మాస్ఫియర్ అన్నప్పుడు ఇంగ్లీషు భౌతికశాస్త్రం నుంచి మనోభావానికి వెళ్లింది. మనం మనోభావానికి ఉన్న మాటను భౌతికశాస్త్రానికి తీసుకెళ్లాం. దారులు ఎదురెదురైనా చేరిన చోటు ఒకటే.

ఎక్కించడం అర్థమైతే దించడం వెంటనే అర్థమవుతుంది. డిశ్చార్జ్‌కు కూడా పొంతనలేని అర్థాలు కనబడతాయి కానీ, ప్రతిచోటా ఏదో ఒక బరువు దిగుతున్నది. ఆస్పత్రి రోగిని పంపించివేస్తుంది, తుపాకి పేలుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది, అప్పు తీరుతుంది, కర్తవ్యం నెరవేరుతుంది, పుండు నుంచి చీము కారుతుంది, నది సముద్రంలోకి నీటిని వదులుతుంది. డిశ్చార్జింగ్ వన్స్ డ్యూటీ అంటే విధి నిర్వహించడం. విధి నుంచి తప్పుకోవడం కాదు. దీన్ని తలకిందులుగా అనువదించిన వాక్యాలు నా దగ్గరికి చాలా వచ్చాయి. సర్‌ఛార్జ్ అంటే బరువు మీద బరువు, కాబట్టి అదనపు రుసుము. ఓవర్‌ఛార్జ్ డబ్బుకూ చెల్లుతుంది, బ్యాటరీకీ చెల్లుతుంది. ఆస్తి మీద ఛార్జ్ ఉందంటే దాని మీద అప్పు భారం ఉందని. మార్ట్‌గేజ్‌ను దానికి సమానార్థకంగా వాడవద్దు, చట్టంలో అవి వేరువేరు. ఛార్జర్ అంటే ఫోన్ పరికరమే కాదు, వెనకటి కాలపు ఇంగ్లీషులో యుద్ధాశ్వం, పెద్ద పళ్లెం కూడా. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో బాప్తిస్మమిచ్చు యోహాను తలను ఛార్జర్‌లో పెట్టి తెచ్చారని ఉంటుంది. మొదటిసారి చదివే నేటి పిల్లల మొహాలు చూడాలి.

ఇప్పుడు మీ ఫోన్ ప్రశ్న. ఛార్జింగ్ అయిపోయింది అని తెలుగులో అంటే ఫోన్ ఖాళీ అయిందని అందరికీ తెలుసు. ఇక్కడ ఛార్జింగ్ అనే మాటను మనం లోపల ఉన్న సరుకుకు పేరుగా వాడుతున్నాం. ఇంగ్లీషులో ఛార్జింగ్ అనేది నింపే పనికి పేరు. కాబట్టి ఛార్జింగ్ ఈజ్ ఓవర్ అని అంటే వినేవాడికి నింపడం పూర్తయింది, ఫోన్ నిండుగా ఉంది అని అర్థమవుతుంది. మీరు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. ద బ్యాటరీ ఈజ్ డెడ్ అనో, ఐ యామ్ అవుట్ ఆఫ్ బ్యాటరీ అనో అనండి. ఛార్జింగ్ పెట్టాను అనడానికి ఐ హావ్ పుట్ ఇట్ ఆన్ ఛార్జ్ అనేది బ్రిటిష్ పద్ధతి. ఇట్ ఈజ్ ఛార్జింగ్ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. బ్యాటరీ పాతబడి నిలవ ఉంచుకోలేకపోతే ఇట్ డజ్ నాట్ హోల్డ్ ఎ ఛార్జ్ అంటారు. ఆ ఒక్కచోట మాత్రం ఛార్జ్ మన ఛార్జింగ్‌తో పూర్తిగా సమానం.

ఇన్‌ఛార్జ్ విషయం. తెలుగులో ఇన్‌ఛార్జి అనేది మనిషికి పేరు, బహువచనంలో ఇన్‌ఛార్జిలు కూడా అంటాం. అది మన మాటైపోయింది, అలాగే వాడుకోవచ్చు. ఇంగ్లీషులో అవి రెండు విడి మాటలు, ఇన్ విడిగా, ఛార్జ్ విడిగా రాయాలి, వాటికి ముందు మనిషిని చెప్పే మాట ఉండాలి: ద పర్సన్ ఇన్ ఛార్జ్, ద ఆఫీసర్ ఇన్ ఛార్జ్. హి ఈజ్ ద ఇన్‌ఛార్జ్ అని మన దేశంలో రాస్తే అర్థమవుతుంది, బయట రాస్తే వాక్యం సగంలో ఆగిపోయినట్టు అనిపిస్తుంది. దరఖాస్తులో మీ హోదా రాసేటప్పుడు హెడ్, సూపర్‌వైజర్, మేనేజర్ వీటిలో ఏది నిజంగా మీ పనికి సరిపోతే అది రాయండి. మరొకరి స్థానంలో కొంతకాలం బాధ్యతలు చూస్తున్నారని చెప్పాలంటే మాత్రం ఇన్‌ఛార్జ్ అనే మాటను పక్కనపెట్టి, ఆ హోదాకు ముందు యాక్టింగ్ అని చేర్చండి.